చెరోకీలు కొత్తచోటికి చేరాక తమలో తామే ఎందుకు చంపుకున్నారు?

ప్రశ్న క్లుప్తంగా ఇది: 1838–39లో అమెరికా మూలవాసి జాతి అయిన చెరోకీలను సైన్యం పెట్టి సొంత ఊళ్ళనుంచి ఇప్పటి ఓక్లహోమాకు తరిమేశారు. దారిలో వేలమంది పోయారు. అంత కష్టం కలిసి పడ్డవాళ్ళు అక్కడికి చేరిన కొద్ది నెలలకే ఒకరినొకరు ఎందుకు చంపుకున్నారు? నేల వదులుకునే ఒప్పందం మీద సంతకం పెట్టిన నాయకుడు మేజర్ రిడ్జ్‌ని ద్రోహి అనవచ్చా? ఆ హత్యల సంగతి చెరోకీల ప్రధాన నాయకుడు జాన్ రాస్‌కు ముందే తెలుసా?

ముందు జవాబు చెప్పేస్తాను. వాళ్ళు ఆ కష్టం కలిసి పడలేదు. అక్కడ చేరింది వేర్వేరు కాలాల్లో, వేర్వేరు పరిస్థితుల్లో వచ్చిన మూడు వర్గాలు. జాతి తరఫున సంతకం పెట్టే హక్కు ఎవరిది, కొత్తచోట ఎవరి చట్టం నడవాలి, వాషింగ్టన్‌నుంచి వచ్చే డబ్బు ఎవరి చేతిమీదుగా పంచాలి అన్నవి తేలకుండానే అందరినీ ఒకేచోట పడేశారు. గొడవ అక్కడ రాజుకుంది. దాన్ని ఆర్పే అవకాశం ఉన్న అమెరికా ప్రభుత్వం ఏడేళ్ళపాటు తనకు పనికొచ్చే వర్గాన్ని దువ్వుతూ కూర్చుంది.

నేను పీజీ విద్యార్థులకు చాలాకాలం అమెరికా చరిత్ర పేపర్ చెప్పాను. రిటైరయ్యాక మా అమ్మాయి దగ్గరికి ఓక్లహోమాలోని టల్సా వెళ్ళినప్పుడల్లా ఈ కథ జరిగిన ఊళ్ళు తీరిగ్గా చూస్తుంటాను, అన్నీ కారులో దగ్గరే. క్లాసులో ఈ పాఠం రాగానే వెనక బెంచీనుంచి ఒక మాట తప్పనిసరిగా వచ్చేది: "మన సీమ ఫ్యాక్షన్ లాంటిదే కదా సార్?" పగలు తరాలు నడవడం వరకూ నిజమే. కానీ ఇక్కడ రెండు వైపులా చేతిలో రాజ్యాంగం, వార్తాపత్రిక, సుప్రీంకోర్టు తీర్పు ఉన్న మనుషులు. ఫ్యాక్షన్ అనేస్తే ఆ భాగమంతా కనబడకుండా పోతుంది.

కథ జార్జియాలో మొదలవుతుంది. చెరోకీలు 1827లో రాతపూర్వక రాజ్యాంగం పెట్టుకున్నారు. 1828 ఫిబ్రవరిలో రాజధాని న్యూ ఎకోటానుంచి 'చెరోకీ ఫీనిక్స్' పత్రిక మొదలైంది, ఎడిటర్ ఎలియాస్ బూడినాట్. అదే ఏడాది జాన్ రాస్ ప్రధాన నాయకుడయ్యాడు. కొద్దికాలానికే వాళ్ళ నేలలో బంగారం బయటపడింది. 1830లో మూలవాసులను పశ్చిమానికి పంపే తరలింపు చట్టం వచ్చింది. 1832లో సుప్రీంకోర్టు జార్జియా చట్టాలు చెరోకీల నేలమీద చెల్లవని తీర్పిచ్చింది. చెరోకీలు పండగ చేసుకున్నారు.

చీలిక సరిగ్గా ఆ గెలుపు దగ్గరే వచ్చింది. మేజర్ రిడ్జ్ కొడుకు జాన్ రిడ్జ్ వాషింగ్టన్‌లో ప్రెసిడెంట్ జాక్సన్‌ని కలిశాడు. ఈ తీర్పు కోసం సైన్యాన్ని పంపే ఉద్దేశం ఆయనకు లేదని అర్థమైంది. కోర్టులో గెలిచినా నేల దక్కదు, ఆలస్యం చేసేకొద్దీ దక్కే ధర కూడా తగ్గుతుంది అన్న నిర్ణయానికి వచ్చాడు. తండ్రి మేజర్ రిడ్జ్, ఆయన అన్నదమ్ముల కొడుకులు బూడినాట్, స్టాండ్ వేటీ అదే దారి పట్టారు. రాస్ మాత్రం చివరిదాకా పోరాడదామన్నాడు. జనంలో అత్యధికులు రాస్ వెంటే ఉన్నారు, ఇందులో సందేహం లేదు.

పుస్తకాలు ఒక్క వాక్యంలో దాటేసే రెండు సంగతులున్నాయి. ఒకటి, నేల వదులుకునే ఒప్పందానికి అనుకూలమైన వాదన అచ్చువేయడానికి రాస్ ఒప్పుకోలేదు, దాంతో బూడినాట్ 1832లో ఎడిటర్ పదవికి రాజీనామా చేశాడు. రెండు, జార్జియా చెరోకీ ప్రభుత్వాన్నే నిషేధించింది కాబట్టి 1832లో జరగాల్సిన ఎన్నికలు ఆగిపోయాయి, రాస్ పదవీకాలాన్ని పొడిగించారు. అంటే రిడ్జ్ వర్గానికి చెప్పుకోడానికి ఒక మాట దొరికింది: జనం ముందు రెండో వైపు వాదన పెట్టనివ్వలేదు, ఎన్నికా పెట్టలేదు, ఇక రాస్ ఒక్కడే జాతి గొంతు ఎలా అవుతాడు? తరలింపు తర్వాతి గొడవలన్నిటికీ విత్తనం ఇక్కడుంది.

1835 డిసెంబర్ 29న న్యూ ఎకోటాలో ఒప్పందం జరిగింది. తూర్పున ఉన్న నేలంతా వదులుకుంటే 50 లక్షల డాలర్లు, పశ్చిమాన భూమి. ఆ సమావేశానికి వచ్చింది కొన్ని వందలమంది. రాస్ సంతకం లేదు, జాతీయ కౌన్సిల్ ఆమోదం లేదు. దీనికి వ్యతిరేకంగా 15 వేలకు పైగా పేర్లతో అర్జీ వెళ్ళింది. అయినా 1836లో సెనేట్ ఆమోదించేసింది, కావాల్సిన మూడింట రెండొంతుల మెజారిటీ ఒకే ఒక్క ఓటు తేడాతో దక్కింది.

జాతి అనుమతి లేకుండా నేల అమ్మితే మరణశిక్ష అని 1829లో చెరోకీలు చట్టం రాసుకున్నారు. అప్పుడు దాన్ని గట్టిగా సమర్థించినవాళ్ళలో రిడ్జ్‌లు ఉన్నారు. అంతేకాదు, 1807లో ఇలాగే నేల అమ్మాడని డబుల్‌హెడ్ అనే నాయకుణ్ణి చంపినవాళ్ళలో మేజర్ రిడ్జ్ ఒకడు. కాబట్టి ఒప్పందం మీద సంతకం పెడితే ఏమవుతుందో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తెలిసే పెట్టాడు. ద్రోహి అన్నవాళ్ళూ ఈ విషయాన్నే చూపిస్తారు, త్యాగి అన్నవాళ్ళూ దీన్నే చూపిస్తారు.

ఇక ఆ మూడు వర్గాలు.

పాత స్థిరవాసులు. వీళ్ళు ముందుగానే, ముఖ్యంగా 1817 ఒప్పందం తర్వాత, ఆర్‌కాన్సాకు వెళ్ళారు. 1828 ఒప్పందంతో ఇంకాస్త పశ్చిమానికి జరిగారు. సంఖ్య తక్కువ, సొంత నాయకులు, తేలికపాటి చట్టాలు. చెరోకీ లిపి రూపొందించిన సెక్వోయా కూడా వీళ్ళలోనే ఉండేవాడు.

ఒప్పంద వర్గం. రిడ్జ్‌లు, బూడినాట్, వేటీ, వాళ్ళ మనుషులు. ఎక్కువమంది 1837లోనే, సైన్యం రాకముందే వచ్చేశారు. బానిసలను వెంటబెట్టుకుని, సామాను సర్దుకుని వచ్చి, హనీ క్రీక్ దగ్గర మంచి నేల చూసుకుని స్థిరపడ్డారు. జాన్ రిడ్జ్ దుకాణం కూడా పెట్టాడు. పాత స్థిరవాసుల పాలన కింద ఉండటానికి వీళ్ళకు అభ్యంతరం లేకపోయింది.

జాతీయ వర్గం, అంటే రాస్ వెంట ఉన్న మెజారిటీ. 1838 మేలో జనరల్ స్కాట్ సైన్యం వీళ్ళను ఇళ్ళలోంచి లాగి శిబిరాల్లో పెట్టింది. 1839 తొలినెలల్లో మంచులో నడుచుకుంటూ చేరారు. శిబిరాల్లో, దారిలో పోయినవాళ్ళు సుమారు 4,000 అని సాధారణంగా చెప్పే అంచనా, దాదాపు నలుగురిలో ఒకరు. రాస్ భార్య క్వాటీ కూడా లిటిల్ రాక్ దగ్గర చనిపోయింది. చేరాక కాంట్రాక్టర్లు పంచిన పిండిలో పురుగులు, మాంసం పాడైనది.

ఇప్పుడు ఆ మూడో వర్గంలో ఒక తండ్రిగా ఆలోచించండి. ఇద్దరు పిల్లల్ని దారిలో పూడ్చి వచ్చాడు. ఇక్కడ చూస్తే సంతకం పెట్టినవాళ్ళు దుకాణం నడుపుకుంటున్నారు. మీ ప్రశ్నకు సగం జవాబు ఇందులోనే ఉంది.

మిగతా సగం 1839 జూన్‌లో టకటోకా దగ్గర జరిగిన సమావేశంలో ఉంది. మీరు రండి, మా చట్టాల కింద ఉండండి, తర్వాత ఎన్నికల్లో పాల్గొనండి అన్నారు పాత స్థిరవాసులు. మేం వేలమందిమి, మా ప్రభుత్వం రద్దు కాలేదు, మా రాజ్యాంగం మాతోనే వచ్చింది, రెండూ సమానంగా కలవాలి అన్నాడు రాస్. నా దృష్టిలో ఇద్దరి మాటల్లోనూ న్యాయం ఉంది. రిడ్జ్‌లు, బూడినాట్ అక్కడికి వచ్చి కనబడి త్వరగానే వెళ్ళిపోయారు. చర్చలు విఫలం కాగానే, వెనకనుంచి చెడగొట్టింది వీళ్ళేనన్న మాట రాస్ మనుషుల్లో పాకింది.

జూన్ 22 తెల్లవారుజామున హనీ క్రీక్ దగ్గర జాన్ రిడ్జ్‌ని మంచంమీదనుంచి వాకిట్లోకి లాక్కొచ్చి భార్యాపిల్లల కళ్ళముందే పొడిచి చంపారు. అదే ఉదయం పార్క్ హిల్ దగ్గర బూడినాట్‌ని కొందరు మందులు కావాలని పిలిచారు. మందులిచ్చే పని ఆయనదే కాబట్టి వెంట నడిచాడు, దారిలో నరికేశారు. మేజర్ రిడ్జ్‌ని ఆర్‌కాన్సా సరిహద్దు దారిలో పొంచి ఉండి కాల్చేశారు. స్టాండ్ వేటీ కూడా జాబితాలో ఉన్నాడు. బూడినాట్‌తో కలిసి పనిచేసిన మిషనరీ శామ్యూల్ వూస్టర్ గుర్రమిచ్చి మనిషిని పంపడంతో తప్పించుకున్నాడు. 1832 సుప్రీంకోర్టు కేసులో జైలుకెళ్ళిన వూస్టర్ ఈయనే.

ఒకే రోజు, మైళ్ళ దూరంలో ఉన్న మూడు చోట్ల. ఆవేశంలో జరిగిన పని కాదిది. చేసినవాళ్ళ లెక్కలో ఇది 1829 చట్టం అమలు, అంటే మరణశిక్ష. చచ్చినవాళ్ళ కుటుంబాల లెక్కలో విచారణ లేని హత్య. క్లాసులో నేను 'హత్య' అనేవాణ్ణి. ఆ చట్టంలో నిందితుడికి విచారణ అన్న మాట ఉంది, దొరికినచోట చంపవచ్చన్న భాగమూ ఉంది. విచారణకు నిలబెట్టే ప్రయత్నమే జరగనప్పుడు శిక్ష అనే మాట వాడటానికి నాకు మనసొప్పదు.

తర్వాత రాస్ వేగంగా కదిలాడు. జులై 12న ఐక్యతా చట్టం మీద సంతకాలయ్యాయి. పాత స్థిరవాసుల తరఫున ముందుకొచ్చి సంతకం పెట్టింది సెక్వోయా. సెప్టెంబర్ 6న కొత్త రాజ్యాంగం, టాలెక్వా రాజధాని. కానీ పాత స్థిరవాసుల్లో ఒక వర్గం దీన్ని గుర్తించలేదు. ఫోర్ట్ గిబ్సన్‌లో ఉన్న అమెరికా సైన్యం జనరల్ ఆర్‌బకిల్ వాళ్ళ పక్షం వహించి, హంతకుల్ని అప్పగించమని రాస్‌ని ఒత్తిడి చేశాడు. చెరోకీ చెరోకీని చంపితే విచారించే అధికారం చెరోకీ ప్రభుత్వానిదే, అమెరికా సైన్యానిది కాదు అని రాస్ జవాబు. చట్టప్రకారం అది బలమైన వాదనే. కాకపోతే ఆయన కౌన్సిల్ ఆ హంతకులకు అప్పటికే క్షమాభిక్ష ఇచ్చేసింది. పైగా సంతకం పెట్టినవాళ్ళు బహిరంగంగా తప్పు ఒప్పుకోవాలి, లేకపోతే చట్టరక్షణ ఉండదు అంది. తండ్రులు పోయిన కుటుంబాలకు ఇది ఎలా ఉంటుందో వేరే చెప్పాలా?

1840లో పాత స్థిరవాసులు చాలామంది రాజీకి వచ్చారు. ఒప్పంద వర్గం రాలేదు. 1842లో మేజర్ రిడ్జ్ హంతకుల్లో ఒకడని పేరుపడ్డ జేమ్స్ ఫోర్‌మన్‌ని స్టాండ్ వేటీ ఆర్‌కాన్సాలో చంపాడు. ఆత్మరక్షణ అని అక్కడి కోర్టు వదిలేసింది. 1845 నవంబర్‌లో ఒప్పంద వర్గానికి చెందిన స్టార్ కుటుంబం మనుషులు రాస్ అల్లుడి ఇంటిమీద పడ్డారు. ప్రతీకారంగా ఒప్పందం మీద సంతకం పెట్టిన జేమ్స్ స్టార్‌ని, తర్వాత వేటీ తమ్ముడు థామస్‌ని చంపారు. పది నెలల్లో 30కి పైగా హత్యలు. వందల కుటుంబాలు సరిహద్దు దాటి ఆర్‌కాన్సాలో తలదాచుకున్నాయి.

ఇక్కడ అమెరికా ప్రభుత్వం పాత్ర చూడాలి. 1846లో ప్రెసిడెంట్ పోక్ చెరోకీ దేశాన్ని ముక్కలు చేద్దామని ప్రతిపాదించాడు. అప్పటికి మూడు వర్గాల ప్రతినిధులూ వాషింగ్టన్‌లోనే మకాం, ఎవరి అర్జీ వాళ్ళది. దేశం నిజంగానే ముక్కలవుతుందన్న భయం వచ్చాకే రాస్ దిగివచ్చాడు. 1846 ఆగస్టు 6 ఒప్పందంతో అందరికీ క్షమాభిక్ష, ఒకే దేశం, ఒకే ప్రభుత్వం. ఒప్పంద వర్గానికి నష్టపరిహారం ఇచ్చారు, అందులో మేజర్ రిడ్జ్, జాన్ రిడ్జ్, బూడినాట్ వారసులకు తలా 5,000 డాలర్లు. రాస్, వేటీ చేతులు కలిపారు.

ఈ భాగం పాఠంగా చెప్పేటప్పుడు విద్యార్థులతో ఒక పని చేయించేవాణ్ణి. మూడు వర్గాల అర్జీలూ వరసగా పెట్టి, ఒక్కోదాని పక్కన అది నెగ్గితే డబ్బు ఎవరి ద్వారా పంచుతారో రాయమనేవాణ్ణి. నేల, ప్రతీకారం, గౌరవం అన్న పెద్ద మాటల కింద డబ్బు దారి స్పష్టంగా కనబడేది. ఒప్పందం ప్రకారం రావలసిన సొమ్ము ఏళ్ళ తరబడి వాషింగ్టన్‌లోనే ఆగిపోయింది. తమను ప్రభుత్వంగా గుర్తిస్తేనే అది చేతికి వస్తుంది. అందుకే గుర్తింపు కోసం అంత కొట్లాట.

ఆ తర్వాత పదిహేనేళ్ళు ప్రశాంతంగా గడిచాయి. 1851లో అబ్బాయిలకు ఒకటి, అమ్మాయిలకు ఒకటి చెరోకీ ప్రభుత్వ ఖర్చుతో సెమినరీలు, అంటే ఉన్నత పాఠశాలలు, తెరిచారు. టాలెక్వాలో 1844నాటి సుప్రీంకోర్టు భవనం ఇప్పటికీ ఉంది, మ్యూజియం చేశారు. అటు వెళ్తే తప్పక చూడండి.

కానీ పగ చావలేదు, అమెరికాలో ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య వచ్చిన అంతర్యుద్ధం దాన్ని లేపింది. 1861లో రాస్ తటస్థంగా ఉందామన్నాడు. వేటీ అప్పటికే దక్షిణాది వైపు మనుషుల్ని కూడగడుతున్నాడు. చుట్టూ దక్షిణాది బలగాలే ఉండటంతో, తను ఒప్పందం చేసుకోకపోతే వేటీతో చేసుకుంటారని రాస్‌కు తెలుసు. అక్టోబర్ 7న ఆయనే దక్షిణాదితో సంతకం పెట్టాడు. పాతికేళ్ళ క్రితం రిడ్జ్ ఎదుర్కొన్న ఇరకాటం ఈసారి రాస్‌కు వచ్చింది, ఇష్టంలేని ఒప్పందం మీద సంతకం పెట్టక తప్పలేదు. ఈ పోలిక నాకు చాలా ముఖ్యం అనిపిస్తుంది, పరీక్షల్లో రాసేవాళ్ళు దాదాపు కనబడరు.

1862లో ఉత్తరాది సైన్యం రాగానే రాస్ అటు వెళ్ళిపోయాడు. దక్షిణాది వైపు ఉన్నవాళ్ళు వేటీని నాయకుణ్ణి చేసుకున్నారు. 1863 ఫిబ్రవరిలో రాస్ పక్షం కౌన్సిల్ దక్షిణాది ఒప్పందాన్ని రద్దుచేసి బానిసత్వాన్ని కూడా ఎత్తేసింది. అదే అక్టోబర్‌లో వేటీ టాలెక్వాలో కౌన్సిల్ భవనాన్నీ, పార్క్ హిల్‌లో రాస్ ఇంటినీ తగలబెట్టాడు. 1865 జూన్ 23న లొంగిపోయాడు, దక్షిణాది జనరల్స్‌లో అందరికంటే చివర. యుద్ధం ముగిసేసరికి చెరోకీల్లో వయసొచ్చిన ఆడవాళ్ళలో మూడోవంతు వితంతువులు, పిల్లల్లో నాలుగోవంతు అనాథలు.

రెండు జాగ్రత్తలు. దీన్ని 'శుద్ధరక్తం వర్సెస్ మిశ్రమరక్తం' అని రాసే పుస్తకాలు చాలా ఉన్నాయి. సాంప్రదాయ చెరోకీలు ఎక్కువమంది నమ్మిన రాస్‌లో చెరోకీ రక్తం ఎనిమిదో వంతే. ఒప్పంద వర్గం పెద్ద మేజర్ రిడ్జ్‌లో చాలావరకు చెరోకీ రక్తమే, ఇంగ్లిష్ అంతంతమాత్రం. ఆ లెక్క ఇక్కడే తప్పింది. ఇంకోటి, బానిసత్వం ఒక పక్షం పాపం అనుకోవద్దు. రాస్‌కూ బానిసలున్నారు, రిడ్జ్‌కూ ఉన్నారు. ఆ బానిసల వారసులకు చెరోకీ పౌరసత్వం ఉందా లేదా అన్న కేసు 2017 దాకా ఫెడరల్ కోర్టులో నడిచింది, ఉందనే తీర్పు వచ్చింది.

ద్రోహా అంటే నా సమాధానం: రిడ్జ్ అంచనా సరైంది, అధికారం లేని సంతకం మాత్రం తప్పు. నేల ఎలాగూ పోయేదే. కానీ ఆ సంతకం వల్ల అమెరికా ప్రభుత్వం చేసిన లాక్కోవడం కాగితం మీద అమ్మకంగా మారిపోయింది. హనీ క్రీక్ దగ్గర చిన్న శ్మశానంలో తండ్రీకొడుకులు రిడ్జ్‌లు, స్టాండ్ వేటీ ముగ్గురి సమాధులూ ఉన్నాయి. అక్కడికి వచ్చేవాళ్ళలో ఇప్పటికీ రెండు అభిప్రాయాలూ వినబడతాయి.

ఇక రాస్‌కు ముందే తెలుసా అన్నది. ఆయన కొడుకు ఆలెన్ ముసలితనంలో చెప్పిన కథనం ఒకటుంది. చంపబోయేవాళ్ళు రహస్యంగా సమావేశమై టోపీలోంచి చీట్లు తీసి మనుషుల్ని ఎంచుకున్నారట, తండ్రికి తెలియకుండా ఇంట్లోనే ఉంచే పని తనకు అప్పగించారట. అది దశాబ్దాల తర్వాత, తండ్రి పేరు కాపాడే ఉద్దేశంతో చెప్పిన మాట కాబట్టి కాస్త తగ్గించే తీసుకోవాలి. అయినా రాస్ ఆదేశించాడని చూపే కాగితం ఒక్కటీ లేదు. తర్వాత హంతకుల్లో ఒక్కరినీ విచారణకు నిలబెట్టలేదన్నది మాత్రం రికార్డులో ఉంది, దానికి ప్రధాన నాయకుడిగా ఆయనే బాధ్యుడు. పరీక్షకు రాస్తున్నట్టయితే ఈ రెండూ కలిపేయకుండా విడివిడిగా రాయండి.